హారోలో సగం ప్లాట్: బంకనేల మీద ఒక తెలుగు కుటుంబం మొదటి ఏడాది కూరగాయల సాగు

కేసు నేపథ్యం

వాయవ్య లండన్‌లోని హారో ప్రాంతంలో, నేను చాలాకాలంగా ప్లాట్ సాగుచేస్తున్న ఒక అలాట్‌మెంట్ స్థలంలో జరిగిన కేసు ఇది. కొత్తగా ప్లాట్ తీసుకున్నవారికి మొదటి ఏడాది పొడవునా తోడుగా ఉండి సలహా ఇవ్వడం అక్కడి కమిటీ నాకు అప్పగించిన పని. కుటుంబం వివరాలను వారి అనుమతితో, పేర్లు లేకుండా ఇస్తున్నాను.

అలాట్‌మెంట్ అంటే ఇంటిని ఆనుకుని ఉండే పెరడు కాదు; ఊళ్ళో వేరొకచోట, ఏడాదికి కొద్దిపాటి అద్దె మీద, ఎక్కువగా స్థానిక కౌన్సిల్ ఇచ్చే సాగునేల. గిరాకీ ఉన్నచోట ఇలాంటి నేలను సమకూర్చే బాధ్యతను 1908 నాటి చట్టం కౌన్సిళ్ళ మీద ఉంచింది. అందులో పండించినది ప్రధానంగా సాగుచేసేవారి కుటుంబం తినడానికే ఉండాలని 1922 నాటి చట్టం నిర్వచించింది. పూర్తి ప్లాట్ విస్తీర్ణాన్ని ఇప్పటికీ పాత కొలతలో 10 రాడ్లు అంటారు. అది దాదాపు 250 చదరపు మీటర్లు, మన లెక్కలో సరిగ్గా 302.5 గజాలు. ఇళ్ళ స్థలాలను గజాల్లో కొలవడం అలవాటైన తెలుగువారికి ఈ లెక్క చెప్పగానే ప్లాట్ కళ్ళముందు నిలుస్తుంది. వేచి ఉండే జాబితాలు పెరగడం వల్ల ఇప్పుడు చాలాచోట్ల కొత్తవారికి సగం ప్లాటే ఇస్తున్నారు. ఈ కుటుంబానికి దక్కింది కూడా సుమారు 150 గజాల సగం ప్లాటే.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు చిన్నపిల్లలు. వారాంతంలో నాలుగు గంటలకు మించి తీరిక లేదు. ఆమె తండ్రి పల్నాడులో నల్లరేగడి మీద పత్తి, మిరప పండించిన రైతు. ఏప్రిల్‌లో వచ్చి సెప్టెంబర్ దాకా కూతురి దగ్గర ఉండేట్టు ఏర్పాటు చేసుకున్నారు. అక్టోబర్‌లో తాళం చెవి అందుకున్న రోజున వారు నా ముందు ఉంచిన ఆలోచన ఇది: రోటవేటర్ అద్దెకు తెచ్చి ప్లాట్ మొత్తం ఒకేసారి దున్నించడం, వసంతంలో గోంగూర, బెండ, వంగ, చిక్కుడు వేయడం. ఈ రెండింటిలో ఏదీ చేయవద్దని చెప్పవలసి వచ్చింది. ఎందుకు వద్దో, బదులుగా ఏం చేశామో చెప్పడమే ఈ కేసు సారం.

నేలను చూడడం

ప్లాట్ కనీసం రెండేళ్ళుగా సాగులో లేదు. నడుమెత్తు గడ్డి, వెనకవైపు బ్రాంబుల్ ముళ్ళపొదలు, కంచె పొడవునా బైండ్‌వీడ్ తీగ ఉన్నాయి. మునుపటివారు కలుపు అణచడానికి పరిచిన పాత తివాచీ ముక్కలు గడ్డి కింద కుళ్ళిపోయి, నైలాన్ పోగులుగా నేలలో కలిసి ఉన్నాయి. తివాచీ పరచడాన్ని చాలా అలాట్‌మెంట్లు నిషేధించింది ఇందుకే. ముందుగా వాటిని ఏరి బయటపడేశాము. ఆ పనిలోనే గాజుపెంకులు కూడా కనిపించడంతో పిల్లలను బూట్లు, చేతి తొడుగులు లేకుండా లోపలికి రానివ్వవద్దని చెప్పాను.

పారతో మోకాలి లోతు గొయ్యి తీసి చూస్తే పై జానెడు మట్టి నల్లగా, వానపాములతో బాగానే ఉంది. అంతకుముందు దశాబ్దాల పాటు సాగుచేసినవారి చలవ అది. దాని కింద మాత్రం బూడిదరంగు మచ్చలున్న పసుపుగోధుమ బంకమట్టి తగిలింది. ఆ మచ్చలు చలికాలంలో నీరు నిలిచి గాలి ఆడని నేలకు గుర్తు. తడి మట్టిని అరచేతుల మధ్య పేని ఉంగరంలా వంచితే ఎక్కడా పగలలేదు. హారో కింద ఉన్నది లండన్ క్లే అనే బంకమట్టి. తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే స్వభావం కలది. నల్లరేగడి తెలిసినవారికి దీని నడత కొత్తేమీ కాదు. నేల పులుపు చూసే పీహెచ్ పరీక్షలో రంగు 6, 6.5 మధ్య నిలిచింది. చాలా కూరగాయలకు అది సరిపోతుంది గనుక సున్నం వేయలేదు. క్యాబేజీ జాతి పంటలు వేసినప్పుడే క్లబ్‌రూట్ తెగులు దృష్ట్యా ఆ సంగతి చూడాలనుకున్నాము.

కలుపులో ముఖ్యమైనది కౌచ్ గ్రాస్. మన గరికలాగే ఇది భూమిలో కాండాలు పాకించి బతుకుతుంది, ప్రతి కణుపుకూ మొలక వేసే శక్తి ఉంటుంది. రోటవేటర్ వద్దనడానికి మొదటి కారణం ఇదే: యంత్రం పళ్ళు ఒక్క కాండాన్ని ముప్పై ముక్కలు చేసి నేలంతా చల్లిపెడతాయి. దున్నిన వారం నేల అద్దంలా కనిపిస్తుంది, ఏప్రిల్‌లో మునుపటికన్నా దట్టంగా లేస్తుంది. రెండో కారణం తడి. అక్టోబర్ వానల తర్వాత బంకనేల మీద ఆ యంత్రాన్ని తిప్పితే, పళ్ళు అందిన లోతు దగ్గర మట్టి మెత్తుకుపోయి గట్టి పలకగా మారుతుంది. వేర్లూ నీళ్ళూ దానిని దాటలేవు. తేలికైన ఇసుకనేలలో, గడ్డి చనిపోయిన తర్వాత రోటవేటర్ వాడటానికి నాకు అభ్యంతరం లేదు. ఇక్కడ ఆ రెండు షరతుల్లో ఒక్కటీ లేదు.

మూడో వంతు తెరవడం

కౌచ్ గ్రాస్ అల్లుకున్న బంకనేలను ఫోర్క్‌తో లేపి, వేర్లు ఏరుతూ వెళ్తే ఒక మనిషి గంటకు మూడు నాలుగు చదరపు మీటర్లకు మించి చేయలేడు. వారాంతానికి నాలుగు గంటలు, అందులో వానకు పోయేవి తీసేసి, చలికాలంలో చీకటి నాలుగింటికే పడుతుందన్న సంగతి కూడా కలిపితే, 125 చదరపు మీటర్లు వసంతానికల్లా తెరవడం జరిగే పని కాదు. తెరిచినా, మే, జూన్ నెలల్లో దానిని కలుపు నుంచి కాపాడుకునే తీరిక వారికి లేదు. కొత్త ప్లాట్లు చేతులు మారడానికి నేను చూసిన ప్రధాన కారణం పంట పండకపోవడం కాదు. చలికాలపు ఉత్సాహంలో తెరిచిన నేల మొత్తం జూన్‌లో చేయి దాటిపోవడం. కాబట్టి మొదటి ఏడాదిని దిగుబడితో కాక, తెరిచిన నేల సెప్టెంబర్ నాటికి కూడా తెరిచే ఉందా అన్నదానితో కొలుద్దామని ముందే ఒప్పుకున్నాము.

గేటుకు దగ్గరగా, ఎండ బాగా తగిలే మూడో వంతును ఎంచుకున్నాము. పడమటి హద్దులోని ఓక్ చెట్టు నీడ మధ్యాహ్నం తర్వాత మిగతా భాగం మీద పడుతుంది. ఎంచుకున్న భాగంలో ఒక్కొక్కటి 1.2 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉండే నాలుగు మడులు, మధ్యలో ఒక మనిషి నడిచే బాటలు గుర్తించాము. మడి వెడల్పు అంతే ఎందుకంటే రెండువైపుల నుంచీ చేయి చాచితే నడిమికి అందాలి, మడిలో కాలు పెట్టే అవసరం రాకూడదు. చెక్కపలకలతో ఎత్తు మడులు కట్టించాలని భర్త ముచ్చటపడ్డారు. ఆ పలకలకూ, వాటిని నింపే మట్టికీ అయ్యే ఖర్చుతో మూడేళ్ళ విత్తనాలు, ఎరువు వస్తాయి. పైగా కౌచ్ గ్రాస్ పలక కింద నుంచి సులభంగా దూరుతుంది. ఆయన మానుకున్నారు.

మిగిలిన మూడింట రెండు వంతుల్లో గడ్డి కోసి, అక్కడే వదిలి, మధ్య భాగం మీద పశుగ్రాసం కప్పడానికి వాడే నల్ల సైలేజ్ షీటు పరిచాము. అల్లిక పట్టా చౌకే కానీ కోసినచోట పోగులు ఊడి నేలలో కలుస్తాయి, అందుకే వద్దన్నాను. అంచులను కొన్ని అంగుళాల లోతు పాతి, పైన బరువులు పెట్టాము. గాలి ఒక్కసారి షీటును లేపితే చుట్టుపక్కల ప్లాట్లవారి మొక్కలు కూడా దెబ్బతింటాయి. వెలుతురు అందకుండా పెరిగే కాలం అంతా, అంటే మార్చి నుంచి అక్టోబర్ దాకా, కప్పి ఉంచితే కౌచ్ గ్రాస్ చాలావరకు చస్తుంది. బైండ్‌వీడ్ చావదు, దాని వేర్లు రెండు మూడు మీటర్ల లోతుకు కూడా పోతాయి. అది షీటు కింద తెల్లని తీగలుగా వెలుతురు వెతుక్కుంటూ అంచు దగ్గర బయటికి వస్తుంది, కాబట్టి పదిహేను రోజులకోసారి అంచులు తిరిగి లాగెయ్యడం ఒక పనిగా రాసుకున్నాము. వెనక భాగంలో బ్రాంబుల్ నరికి వదిలేశాము. మొదటి ఏడాది కప్పి ఉంచిన నేలను సాగుకు సిద్ధమవుతున్నదిగా లెక్కిస్తామని కమిటీ నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకున్నాము. ప్రతి స్థలంలో ఈ నియమం ఒకేలా ఉండదు, కొత్తవారు సంతకానికి ముందే అడగాలి.

నవంబర్‌లో మొదటి రెండు మడులు పూర్తయ్యాయి. నాటవలసినచోట తప్ప గడ్డలు కొట్టకుండా అలాగే వదిలాము. మంచు గడ్డకట్టడం, కరగడం మళ్ళీ మళ్ళీ జరిగితే బంకగడ్డలు వాటంతట అవే పొడిబారి విచ్చుకుంటాయి. మన దగ్గర వేసవి దుక్కులు దున్ని ఎండకు వదిలేసినప్పుడు రేగడిలో జరిగే పనినే ఇక్కడ చలి చేస్తుంది.

ఎరువు పరీక్ష

ఈ కేసులో అందరూ గమనించవలసిన భాగం ఇదని నా అభిప్రాయం. దగ్గరలోని ఒక గుర్రాలశాల నుంచి ఉచితంగా ఇస్తామంటే వారు ట్రెయిలర్ నిండా పెంట తెచ్చి ప్లాట్ మూలలో కుప్ప పోయించారు. బాగా మాగింది, వాసన లేదు, చేతిలో పొడిపొడిగా ఉంది. మడుల్లో వేయబోతుంటే పరీక్ష అయ్యేదాకా ఆగమన్నాను.

కారణం అమినోపైరాలిడ్ అనే కలుపుమందు. పచ్చికబయళ్ళలో వెడల్పాకు కలుపును చంపడానికి దీన్ని చల్లుతారు. గడ్డి చావదు, గడ్డిలో మందు ఉండిపోతుంది. ఆ గడ్డి తిన్న పశువుకు హాని లేదు, మందు మాత్రం పెంటలోకి దాదాపు అలాగే దిగుతుంది. పీచులో బంధించబడి ఉండటం వల్ల కుప్పలో ఎంత మాగినా త్వరగా విరగదు; మట్టిలో కలిసి, పీచు కుళ్ళినప్పుడు విడుదలవుతుంది. 2008లో బ్రిటన్ అంతటా అలాట్‌మెంట్లలో బంగాళదుంప, టొమాటో, చిక్కుడు జాతి మొక్కలు ఆకులు ముడుచుకుని వికృతంగా పెరగడంతో ఈ విషయం బయటపడింది. ఆ ఏడాది అనుమతిని నిలిపివేసి, తర్వాత షరతులతో పునరుద్ధరించారు. మందు ఇప్పటికీ వాడుకలో ఉంది. పెంట ఇచ్చేవారు తాము ఏ మందూ చల్లలేదని నిజాయితీగానే చెప్పవచ్చు, వారు కొన్న ఎండుగడ్డి చరిత్ర వారికి తెలియకపోవచ్చు.

పరీక్షకు ఖర్చు లేదు. కుప్పలో నాలుగైదు చోట్ల నుంచి తీసిన పెంటను మామూలు కుండీ మిశ్రమంతో సగం సగం కలిపి కొన్ని కుండీలు, ఉత్త మిశ్రమంతో మరికొన్ని కుండీలు నింపి, అన్నింటిలో బ్రాడ్ బీన్స్ అనే చిక్కుడు జాతి గింజలు నాటి ఇంట్లో కిటికీ దగ్గర ఉంచాము. ఒక జాగ్రత్త ఉంది: రెండు రకాల కుండీల కిందా వేర్వేరు పళ్ళేలు పెట్టాలి, లేకపోతే కారిన నీటితో మందు అటునుంచి ఇటు చేరి పరీక్ష చెడుతుంది. నెల తిరిగేసరికి ఉత్త మిశ్రమంలో మొక్కలు చదునైన ఆకులతో నిటారుగా ఉన్నాయి. పెంట కలిపిన వాటిలో కొత్త ఆకులు దొప్పలా ముడుచుకుని, కొస మెలితిరిగాయి. అనుమానానికి తావు లేదు. కుప్పను కప్పి ఉంచి, ఇచ్చినవారికి చెప్పి, వారి సొంత పచ్చిక మీద చల్లుకోవడానికి వెనక్కి పంపించాము. కౌన్సిల్ ఆకుచెత్త డబ్బాలో అలాంటిది వేయకూడదు, అది మరొకరి కంపోస్టులోకి చేరుతుంది.

బదులుగా ఆకుచెత్త కంపోస్టు కొన్నాము. నాలుగు మడులూ కలిపి 24 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల మందాన పరచడానికి 1.2 ఘనపు మీటర్లు కావాలి. ప్లాట్ మొత్తానికి కొనవలసి వస్తే ఇది ఆరు ఘనపు మీటర్లు దాటేది. మూడో వంతే తెరవడం వల్ల జేబుకు కలిగిన మేలు ఇక్కడ కనిపించింది.

పంటల ఎంపిక

నవంబర్‌లో ఒక మడిలో వెల్లుల్లి, పక్కనే అక్వడల్స్ క్లాడియా రకం బ్రాడ్ బీన్స్ నాటాము. వెల్లుల్లి గడ్డ పాయలుగా విడిపోవాలంటే నెలా రెండు నెలల పాటు చలి తగలాలి. ఆ చలి ఇక్కడ ఊరికే వస్తుంది. బంకనేలలో నీరు నిలవకుండా బోదెల మీద నాటించాను. మార్చి చివర తొలి రకం బంగాళదుంపలు, ఉల్లి పిలకలు వేశాము. దుకాణంలో అంత చౌకగా దొరికే దుంపలు ఎందుకని ఏప్రిల్‌లో దిగిన పెద్దాయన అడిగారు. దుంప నేలను శుభ్రం చేస్తుందని ఇక్కడివారు చెబుతారు. నిజానికి శుభ్రం చేసేది దుంప కాదు, దానికోసం మూడుసార్లు తవ్వి మట్టి ఎగదోయడం. మిగిలిపోయిన గడ్డి వేర్లు ఆ తవ్వకంలో దొరుకుతాయి. తొలి రకాలే ఎందుకంటే జులై, ఆగస్టుల్లో వచ్చే బ్లైట్ తెగులు ముదిరేలోపు, జూన్ చివరనే తవ్వుకోవచ్చు, మడి ఆకుకూరలకు ఖాళీ అవుతుంది.

పెద్దాయన విత్తే కాలాన్ని కార్తెలతో లెక్కించేవారు. మృగశిర దాకా ఆగుదామన్నారు. అది జూన్ మొదటివారం చివర వస్తుంది, పల్నాడులో సాగుకు ఆరంభం. ఇక్కడ అప్పటికి సగం కాలం గడిచిపోతుంది. ఇంగ్లండ్‌లో విత్తనం వాన కోసం ఆగదు, నేల వేడి కోసం ఆగుతుంది. లండన్‌లో ఏడాది వాన 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, హైదరాబాద్ కన్నా తక్కువ. అది పన్నెండు నెలలకూ చినుకులుగా పంచుకుని ఉంటుంది గనుక తడి ఎక్కువనిపిస్తుంది. మరోవైపు, బంకనేల నిర్వహణలో ఆయనకు నేను చెప్పవలసింది ఏమీ లేకపోయింది. ఏప్రిల్‌లో వాన వెలిసిన మర్నాడే అల్లుడు మడిలోకి దిగబోతే, "పదును చూడకుండా కాలు పెట్టొద్దు బాబూ, తడి రేగడిని తొక్కితే ఆ ఏడాదికి అంతే" అని ఆపి, చిటికెడు మట్టి నలిపి చూపించారు. బాటల మీద అడ్డంగా పలక వేసుకుని పని చేయడం ఆయన వచ్చాకే ఆ కుటుంబానికి అలవాటైంది.

మన కూరల విషయంలో చలికన్నా పగటి పొడవు ఎక్కువ లెక్కలోకి వస్తుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. లండన్‌లో జూన్ నెల పగలు పదహారున్నర గంటలు; హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పెద్ద పగలు పదమూడు గంటలు దాటి కొద్ది నిమిషాలే. ఊరి నుంచి తెచ్చిన చిక్కుడు విత్తనం పొట్టి పగళ్ళకు పూసే రకం. ఇక్కడ వేస్తే వేసవంతా ఆకు, తీగ. సెప్టెంబర్ చివర పగలు పన్నెండు గంటలకు దిగాక పూత మొదలైతే, కాయ పట్టేలోపు చలి చంపేస్తుంది. దాని బదులు రన్నర్ బీన్స్ వేయించాను. లేతగా కోసి చిక్కుడులాగే వండుకోవచ్చు. వారు అలాగే వండుకున్నారు. కొత్తిమీర ఇందుకు భిన్నంగా, పొడవు పగళ్ళకు, వేడికి ఆకు నిలవకుండా పూతకు పోతుంది. మేలో వేసినది జూన్‌లోనే పూసింది, దుంపలు తవ్విన మడిలో ఆగస్టులో వేసినది అక్టోబర్ దాకా కోతకు వచ్చింది. మెంతికూర ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఎప్పుడు చల్లినా వచ్చింది. కొత్త తెలుగు కుటుంబానికి ఒక్క పంటే చెప్పమంటే నేను మెంతి చెబుతాను. చుక్కకూర చల్లదనాన్ని ఇష్టపడుతుంది, ఏప్రిల్ విత్తనం బాగా వచ్చింది. ప్లాట్ అంతా పీకి పారేసిన డాక్ అనే కలుపు దీనికి దగ్గర చుట్టమన్న సంగతి ఆ ఇంటి ఇల్లాలికి నవ్వు తెప్పించింది. తోటకూరను జూన్ మొదట్లో ఆరుబయటే చల్లాము, బాగా వచ్చింది.

గోంగూర మాత్రం వదులుకోలేమన్నారు. పొడవు పగళ్ళ వల్ల అది వేసవిలో పూయదు, అది లాభమే. వేడి చాలకపోవడమే సమస్య. మే మొదట్లో ఇంట్లో నారు పోసి, జూన్‌లో కొన్ని మొక్కలు ఆరుబయట, కొన్ని మడి మీద వంచిన కమ్మీలకు పాలిథిన్ కప్పిన చిన్న గూడు కింద నాటాము. బయటివి పసుపుబారి ఎదగక నిలిచిపోయాయి. గూడు కిందివి ఊళ్ళో ఆకంత కాకపోయినా పచ్చడికి సరిపడా ఇచ్చాయి. బెండ, వంగ ఈ ఏడాదికి వద్దనే నిర్ణయం మారలేదు. గాజుగూడో, పాలిథిన్ కప్పిన పెద్ద గూడు అంటే పాలీటనెలో లేకుండా లండన్‌లో వాటి కోసం మడి ఇవ్వడం నేలను దండుగ చేయడమే. పచ్చిమిర్చి కుండీల్లో ఇంటి కిటికీ దగ్గర పెరిగింది.

నత్తల గురించి కొద్దిగా చెప్పాలి. గూడులేని నత్తలు, అంటే స్లగ్స్, బంకనేలలో ఎక్కువ. తొలిసారి వేసిన కోర్జెట్ (జుకినీ) నారును రెండు రాత్రుల్లో తినేశాయి. పాతకాలపు మెటాల్డిహైడ్ గుళికలను బ్రిటన్‌లో ఆరుబయట వాడకుండా 2022 వసంతం నుంచి నిషేధించారు. ఫెర్రిక్ ఫాస్ఫేట్ గుళికలు, రాత్రిపూట టార్చి వేసుకుని ఏరడం, నారును కుండీలో ముదరనిచ్చి నాటడం, ఈ మూడూ కలిస్తేనే రెండో విడత నిలబడింది. మా స్థలంలో ప్లాట్లకు గొట్టంతో నీరు పెట్టనివ్వరు. తొట్టి నుంచి క్యాన్లతో మోయాలి. పెద్దాయన కాలువ తీసి పారిద్దామనుకున్నారు గానీ, నీటి తొట్టి నుంచి తొలి మడి దాకా నాలుగు క్యాన్లు మోసిన తర్వాత, మొక్క మొదట్లో వారానికోసారి నిండుగా పోసి చుట్టూ కోసిన గడ్డి పరిచే పద్ధతికి ఒప్పుకున్నారు.

ఏడాది చివరి స్థితి

అక్టోబర్‌లో షీటు ఎత్తి చూశాము. మధ్య భాగంలో కౌచ్ గ్రాస్ గోధుమరంగు పీచుగా మారి చేత్తో లాగితే ఊడి వచ్చింది, నేల పైపొర వానపాముల తవ్వకంతో మెత్తబడింది. కంచె వైపు మీటరున్నర పట్టీలో బైండ్‌వీడ్ వేర్లు తెల్లగా, బలంగా ఉన్నాయి. తెరిచిన నాలుగు మడులు శుభ్రంగా నిలిచాయి. బాటల అంచుల్లో మాత్రం గడ్డి మళ్ళీ పాకింది, అక్కడ అర్ధచంద్రాకారపు అంచు పారతో నెలకోసారి కోయక తప్పదు. వేసవి తనిఖీలో కమిటీ నుంచి హెచ్చరిక రాలేదు.

రెండో ఏడాదికి మధ్య భాగాన్ని తెరిచి, దుంపలను అక్కడికి మార్చి, దుంపలు వేసిన మడిలో రన్నర్ బీన్స్ వేయాలని నిర్ణయించాము. బైండ్‌వీడ్ పట్టీ మీద షీటు ఇంకో ఏడాది ఉంటుంది. క్యాబేజీ జాతి పంటలు, పావురాలు తినకుండా కప్పే వలకు డబ్బు సమకూరాకే. ఓక్ నీడ పడని మూలలో చిన్న పాలీటనెల్ వేసుకోవడానికి కమిటీకి దరఖాస్తు పెట్టారు. అనుమతి వస్తే గోంగూరతో పాటు వంగ, బెండ కూడా వచ్చే మే నెలలో అందులోకి వెళతాయి.